తూకం అడిగితే తప్పేంటి?

శ్రీరాంపూర్ చుట్టుపక్కల జాలీ కంచె కనిపించని దారి లేదు. ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని అంచుల వెంట, సబ్‌స్టేషన్ చుట్టూ, సింగరేణి క్వార్టర్ల వెనక, నస్పూర్ దాకా కొత్తగా వెలిసిన ప్లాట్ల చుట్టూ అదే వంకీల తీగ. గనిలో ముప్పై ఏళ్లు చేసి రిటైరైన మనిషి గ్రాట్యుటీ డబ్బుతో జాగ కొంటే, ఇంటికి ముగ్గు పోయకముందే పెట్టే ఖర్చు కంచెది. కట్టిన రోజు అన్ని కంచెలూ ఒక్క తీరుగానే మెరుస్తాయి. మూడు వానాకాలాలు పోయాక చూడాలి. ఒకటి నిటారుగా ఉంటుంది, దాని పక్కదే నడుము వంచి మేకలకు దారి ఇస్తుంది. ఆ ఇద్దరు యజమానులు పెట్టిన డబ్బుకు పెద్ద తేడా ఉండకపోవచ్చు. ఒకాయన షాపులో నాలుగు ప్రశ్నలు అడిగాడు, ఇంకొకాయన అడగలేదు.

అడగకపోవడానికి తెలియకపోవడం ఒక్కటే కారణం అనుకోను. బొగ్గు ఊళ్లలో అందరికీ అందరూ తెలిసినవాళ్లే. జాలీ షాపాయన మీ షిఫ్టులో పనిచేసిన మనిషికి బామ్మర్ది అయి ఉంటాడు. "పది గేజే అన్నా, ఫికర్ చెయ్యకు" అంటాడు. అప్పుడు జేబులోంచి కొలత పరికరం తీస్తే ఆయన మొహం చిన్నబోతుందేమోనని మనం చాయ్ తాగి, అడ్వాన్సు ఇచ్చి లేస్తాం. పెళ్లి సంబంధాల్లో, అప్పుల్లో మొహమాటం ఎంత నష్టం చేస్తుందో వెనకటి అధ్యాయాల్లో చెప్పుకున్నాం. ఇనుము కొనేచోట ఆ మొహమాటం ఖరీదు ఎంతో కాగితం మీద లెక్కగట్టి చూపించవచ్చు. అందుకే ఈ అధ్యాయానికి కంచెను ఎంచుకున్నాను.

షాపుకు పోకముందు ఇంట్లో కూర్చుని తేల్చుకోవాల్సింది ఒకటుంది: లోపలికి ఏది రాకూడదు? "సేఫ్టీ కోసం" అని చెప్పడం జవాబు కాదు. కుక్కలా, పందులా, బర్లా, మనుషులా, కోతులా? కోతుల కోసమైతే జాలీ మీద డబ్బు పెట్టకండి. ఉత్తర తెలంగాణలో కోతుల బాధ పడని ఊరు లేదు, కానీ వాటికి జాలీ అంటే మెట్లు కట్టి ఇచ్చినట్టే. పాములకూ అంతే, రెండంగుళాల కన్నులోంచి హాయిగా దూరి వస్తాయి. మేకలకు, కుక్కలకు నాలుగైదు అడుగుల జాలీ చాలు. బర్లు ఒళ్లు రుద్దుకోవడానికి కంచెకు ఆనుకుంటాయి కాబట్టి వాటికి తీగ మందం కన్నా కడీల బలం ముఖ్యం. పందులు, ఊరివైనా అడవివైనా, మామూలుగా పైనుంచి దూకవు. కిందినుంచి మూతిపెట్టి జాలీని ఎత్తుతాయి. వాటికి కంచె ఎత్తు పెంచడం దండగ. జాలీ అడుగు అంచును నేలలో అరడుగు పూడ్చాలి, లేదా చిన్న సిమెంటు దిమ్మె పోసి అందులో బిగించాలి. పూడ్చిన తీగ తడి మట్టిలో తొందరగా తుప్పు పడుతుంది కనుక పైకం ఉంటే దిమ్మె పోయడమే మేలు. ఇక మనుషులంటారా, కట్టర్ ఉన్న దొంగను ఏ జాలీ ఆపలేదు, ఆలస్యం చేస్తుంది. ఇంటికి ఆ ఆలస్యం చాలు. గోదాముకు చాలదు, అక్కడ లైటు, కాపలా కూడా ఉండాలి.

ఈ జాలీ అసలు నేత పని. 1844లో ఇంగ్లండులోని నార్విచ్‌లో చార్లెస్ బర్నార్డ్ అనే ఇనుప వ్యాపారి బట్టల మగ్గాన్ని చూసి, దారానికి బదులు తీగను నేసే యంత్రం తయారుచేశాడు. నార్విచ్ ఉన్ని బట్టల నేతకు పేరున్న ఊరు. మగ్గాల చప్పుడు మధ్య ఉన్నవాడు కాబట్టే ఆ ఆలోచన వచ్చి ఉంటుంది, సిరిసిల్ల నేతవాళ్లకు ఇది వివరించి చెప్పనక్కర్లేదు. నేత అని గుర్తుపెట్టుకుంటే ఒక లాభం ఉంది. జాలీలో ఒక్కో తీగా మర మేకులా తిరుగుతూ పక్క తీగలో చిక్కుకుని ఉంటుంది. ఒక తీగ చివరల ముడి విప్పి, తిప్పుతూ పైకి లాగితే జాలీ అక్కడ రెండుగా విడిపోతుంది. అలాగే తిప్పుతూ దింపితే రెండు ముక్కలు ఒకటవుతాయి. లారీ గుద్ది పదడుగులు పాడైతే చుట్టంతా మార్చాలని ఎవరైనా చెబితే నమ్మకండి. చెడిన ముక్క తీసి కొత్తది అల్లించండి, కోత ఉండదు, అతుకు కనపడదు.

గేజి కాదు, మిల్లీమీటర్లు

షాపులో వినబడే మొదటి మాట గేజి. గేజి అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుందని చాలామందికి తెలుసు. ఎంత సన్నబడుతుందో చాలామందికి తెలియదు. ఎనిమిది గేజి తీగ 4.06 మిల్లీమీటర్లు. పది గేజి 3.25, పన్నెండు 2.64, పద్నాలుగు 2.03. చూపుకు పదికీ పన్నెండుకూ తేడా అంతంతే, అర మిల్లీమీటరు పైచిలుకు. కానీ బరువు మందానికి వర్గంగా పెరుగుతుంది. రెండంగుళాల కన్నున్న జాలీ చదరపు మీటరుకు పది గేజిలో లెక్క ప్రకారం 2.6 కిలోలు తూగుతుంది. పన్నెండు గేజిలో 1.7 మాత్రమే. అంటే కంటికి తెలియని ఆ అర మిల్లీమీటరులో మూడోవంతు ఇనుము మాయం. పద్నాలుగు గేజి ఒక కిలో దగ్గర ఆగిపోతుంది. పెరట్లో కోళ్లు, మొక్కలు ఉన్నచోట తప్ప దాన్ని ఇంకెక్కడా కట్టించుకోవద్దు.

ఇప్పుడు తూకం సంగతి. అయిదడుగుల ఎత్తు, యాభై అడుగుల పొడవున్న చుట్ట అంటే 250 చదరపు అడుగులు, సుమారు 23 చదరపు మీటర్లు. రెండంగుళాల కన్ను, పది గేజి అయితే అది 60 కిలోలకు పైబడి తూగాలి. పన్నెండు అయితే 40 దగ్గర ఆగుతుంది. బొగ్గు లారీలు తూగని దినం లేని ఊరు మనది, అడుగడుగునా కాటాలు. చుట్టను కాటా మీద పెట్టమని అడగడానికి ఇంతకన్నా అనువైన ఊరు ఏముంది? మాట ఇలా కలపవచ్చు.

"అన్నా, చుట్ట ఎన్ని కిలోలుంటది?"

"కిలోల లెక్క కాదు తమ్మీ, మేం ఫీటు లెక్క అమ్ముతం."

"ఫీటు లెక్కనే పైసలిస్తనే. తూకం చూసి బిల్లు మీద రాయి, మా ఇంటోళ్లకు చూపెట్టాలె."

ఇంటివాళ్ల మీదికి తోసేస్తే ఎవరి మొహమూ చిన్నబోదు. అబద్ధమూ కాదు, ఇంట్లో అడుగుతారు కదా.

కన్ను కొలిచేటప్పుడు ఒక జాగ్రత్త. ఎదురెదురుగా ఉన్న రెండు తీగల మధ్య అడ్డంగా కొలవాలి, మూల నుంచి మూలకు కాదు. మూలకు మూల కొలిస్తే రెండంగుళాల కన్ను 2.8 అంగుళాలు చూపిస్తుంది, అక్కడ ఇద్దరికీ మాట పట్టింపు మొదలవుతుంది. ఇంకో సంగతి, పది గేజి మూడంగుళాల కన్ను జాలీ, పన్నెండు గేజి రెండంగుళాల కన్ను జాలీ దాదాపు ఒకే బరువు ఉంటాయి. ఒకే డబ్బుకు ఏది తీసుకోవాలి? పొలానికి, ఖాళీ ప్లాటుకు నేనైతే మందం తీగ, పెద్ద కన్నే తీసుకుంటాను. తీగ మందంగా ఉంటే తుప్పు తినడానికి ఎక్కువ కాలం పడుతుంది. చిన్నపిల్లలున్న ఇంటికి మాత్రం చిన్న కన్ను కావాలి. మూడంగుళాల కన్నులో చిన్న పాదం చక్కగా ఇమిడి పైకి ఎక్కేస్తుంది. ఇళ్లకు జాలీ పై అంచు మడిచి ఉండాలి, మెలితిప్పి ముళ్లలా వదిలేసిన అంచు గోదాములకు సరే.

మసి ఉన్నచోట జింకు ప్రాణం

మెరుపు చూసి మోసపోయేది ఇక్కడే. ఇనుప తీగ మీద జింకు పూత ఉంటుంది, ఇనుము కన్నా ముందు తాను తినబడి ఇనుమును కాపాడుతుంది. తీగ మీద చిన్న గీత పడినా చుట్టూ ఉన్న జింకు ఆ గీతను కాచుకుంటుంది. కానీ పూత అయిపోయిన రోజు కాపలా కూడా అయిపోతుంది. కొత్త తీగ మీద పల్చటి పూత, మందపు పూత రెండూ ఒకే తెల్లదనంతో మెరుస్తాయి.

చదరపు మీటరుకు ఏడు గ్రాముల జింకు అంటే మందం ఒక మైక్రాన్. మామూలు తేలిక పూత 60 గ్రాములుంటే ఎనిమిది మైక్రాన్లు. బరువు పూత 240 గ్రాములైతే ముప్పై నాలుగు. శుభ్రమైన పల్లె గాలిలో జింకు ఏడాదికి ఒక మైక్రాన్ కూడా తరగదు. ఫ్యాక్టరీ పొగ ఉన్న గాలిలో రెండు మైక్రాన్లు దాటవచ్చు. రెండు అనుకుని భాగించి చూడండి. మొదటిది నాలుగేళ్లు, రెండోది పదిహేడు. బొగ్గు కాలేచోట గంధకం పొగ ఉంటుంది, అది తేమతో కలిస్తే జింకుకు శత్రువు. మన వైపు బొగ్గు పొయ్యిలు, ఇటుక బట్టీలు ఉన్నాయి, జైపూర్ దగ్గర 1200 మెగావాట్ల థర్మల్ కేంద్రం ఉంది, రాజుకునే బొగ్గు కుప్పలున్నాయి. దీనికి తోడు దుమ్ము. తీగ మెలికల్లో చేరిన బొగ్గుపొడి మంచు తడిని మధ్యాహ్నం దాకా పట్టి ఉంచుతుంది. కాబట్టి ఆసిఫాబాద్ అడవి పక్క పల్లెలో మీ చుట్టం కట్టించిన జాలీ పదేళ్లు నిలిచిందని, అదే రకం తెచ్చి ఓపెన్‌కాస్ట్ పక్కన కడితే లెక్క కుదరదు.

పూత మందాన్ని షాపాయన నోటిమాటగా చెప్పలేడు, ఆయన అల్లేవాడు, పూత వేసేవాడు కాదు. తీగ కట్టకు మిల్లు నుంచి వచ్చిన చీటీ ఉంటుంది, టెస్ట్ సర్టిఫికెట్ ఉంటుంది, అవి చూపించమనాలి. జాలీకి ఐఎస్ 2721, ముళ్లతీగకు ఐఎస్ 278 అని భారతీయ ప్రమాణాలున్నాయి. ఆ నంబర్లు పలికితే చాలు, ఎదుటి మనిషి మాట తీరు మారుతుంది.

చీటీ దొరకకపోతే ఎరువుల షాపుకు పోండి. ద్రాక్షకు, నిమ్మకు కొట్టే బోర్డో మిశ్రమంలో వాడే మైలుతుత్తం అక్కడ దొరుకుతుంది. ప్రయోగశాలల్లో జింకు పూతను పరీక్షించేది దానితోనే. నూరు గ్రాముల నీళ్లకు 36 గ్రాముల మైలుతుత్తం, ప్లాస్టిక్ డబ్బాలోనే కలపాలి. రెండు మూడు షాపుల నుంచి జానెడు తీగ ముక్కలు తెచ్చి, కోసిన చివరలకు కొవ్వొత్తి మైనం పూసి, ఒక్కో నిమిషం ముంచి తీసి కడిగి తుడవండి. నల్లగా పట్టి, తుడిస్తే పోయిందంటే అక్కడ జింకు ఇంకా ఉన్నట్టు. మళ్లీ ముంచండి. మిలమిలలాడే రాగి అంటుకుని తుడిచినా పోకపోతే ఇనుము బయటపడింది. ఏ ముక్క ముందు ఎర్రబడితే దాని పూత పల్చన. ఇంట్లో చేసే ఈ పరీక్ష గ్రాముల లెక్క చెప్పదు గానీ, మూడు షాపుల్లో ఎవరి సరుకు గట్టిదో తేల్చిపారేస్తుంది. ఆ నీళ్లు విషం, పిల్లలకు, పశువులకు అందనీయకండి, కాల్వలో పారబోయకండి.

పచ్చ ప్లాస్టిక్ తొడుగు జాలీ అందంగా ఉంటుంది. కొనేటప్పుడు లోపలి తీగ మందం ఎంతో అడగాలి, తొడుగుతో కలిపి పది గేజి అని చెప్పేది లోపల పన్నెండే కావచ్చు. మే నెలలో 45 డిగ్రీల ఎండ కాసే మన వైపు నాసిరకం తొడుగు పగుళ్లిస్తుంది, ఆ పగుల్లోంచి నీళ్లు దిగి లోపల తుప్పు పట్టేది మీకు కనపడదు. దానికి పెట్టే పైకం జింకు మీద పెట్టడం నయం.

ఒరిగేది కడీ, తెగేది కట్టుతీగ

పాత కంచెలను కొంచెం ఆగి గమనించండి. జాలీ చినిగి పడిపోయినవి తక్కువ. కడీ ఒరిగి పడినవి, కట్టుతీగ తెగి జారినవి ఎక్కువ. అయినా షాపులో బేరమంతా జాలీ మీదే సాగుతుంది, కడీలు మేస్త్రీ ఇష్టం.

కరీంనగర్ గ్రానైట్ నేల కావడం మనకు వరం. రాతి కడీ తుప్పు పట్టదు, చెద పట్టదు, పాత ఇనుపసామాన్ల బండిలోకి ఎక్కదు. ఎవరూ లేని ప్లాటుకు ఇనుప యాంగిలర్లు నాటితే జాలీ కన్నా ముందు అవే మాయమవుతాయి. కాకపోతే రాయి వంగదు, దెబ్బ తగిలితే విరుగుతుంది, కాబట్టి లారీలు తిరిగే యార్డుకు పనికిరాదు. అక్కడ మూలలకు 50 మిల్లీమీటర్ల, ఆరు మందం యాంగిలర్లు, మధ్యలో 40 మిల్లీమీటర్ల, అయిదు మందం సరిపోతాయి. యాంగిలర్‌కు జాలీని వెల్డింగ్ చేయనీయకండి. వెల్డింగ్ వేడికి ఆ చోట జింకు కాలిపోతుంది, తుప్పు అక్కడే మొదలవుతుంది. రంధ్రాలు చేసి తీగతో కట్టించాలి.

నల్లరేగడి సంగతి ఆదిలాబాద్ రైతుకు నేను చెప్పేదేముంది? వానకు ఉబ్బి, ఎండకు నోళ్లు తెరిచే నేల. ఆ ఉబ్బు కడీని పట్టి పైకి లాగుతుంది, ఎండిపోగానే వదిలేస్తుంది, ఏటేటా కొంచెం. అందుకే గుంత అడుగున వెడల్పుగా, పైన ఇరుకుగా ఉండాలి. మేస్త్రీలు తొందరలో దీన్ని తిరగేస్తారు, పైన వెడల్పు, కింద కోసుగా తవ్వుతారు, అలా పోసిన కాంక్రీటును నేల సులువుగా ఎత్తిపారేస్తుంది. ఎనిమిదడుగుల కడీకి రెండున్నర అడుగుల లోతు తక్కువ చేయొద్దు. మొరం దొరికితే గుంత చుట్టూ అదే నింపండి. కాంక్రీటు పైభాగం నేలకు కొంచెం ఎత్తుగా, నీళ్లు జారేలా వాలుగా ఉండాలి. కడీకి కడీకి మధ్య ఎనిమిది నుంచి పదడుగులు. మూలల్లో రెండు వైపులా, పొడుగు వరసలో పదో కడీకి ఒకసారి, ఏటవాలు ఆసరా కడీలు. కింద గని నడిచిన నేల కొన్నిచోట్ల కుంగుతుంది, అలాంటి చోట పొడుగు వరసను చిన్న ముక్కలుగా విడగొట్టి కట్టించుకుంటే ఒకచోట కుంగినా మిగతాది ఒరగదు.

జాలీ తన కాళ్ల మీద తాను నిలబడదు. పైన, మధ్యన, కింద మూడు వరస తీగలు ముందు బిగించి, వాటికి జాలీని కట్టాలి. ఆ కట్టే తీగ దగ్గర చేసే పొదుపు నాకు ఎప్పుడూ అర్థం కాదు. జాలీకి మంచి జింకు తీగ తెచ్చి, స్లాబు రాడ్లు కట్టే నల్ల బైండింగ్ వైరుతో కట్టేస్తారు. దానికి పూత ఉండదు. రెండో వానాకాలానికి అది పొడి అవుతుంది, జాలీ జారి నేల మీదికి వస్తుంది, నింద జాలీ షాపు మీద పడుతుంది.

కంచె నిలిచాక దానికి వచ్చే ఇంకో గండం ఫ్లెక్సీ. జాలీలోంచి గాలి సాఫీగా పోతుంది కనుక ఈదురుగాలికి కడీలు నిలబడతాయి. దాని మీద నాయకుడి పుట్టినరోజు శుభాకాంక్షల ఫ్లెక్సీ కట్టారంటే, లేదా మనమే గ్రీన్ నెట్ కట్టామంటే, గాలి మొత్తం కడీల మీద పడుతుంది. మే నెల గాలిదుమారానికి నాయకుడూ కంచే కలిసే పడతారు. నెట్ కట్టాలని ముందే అనుకుంటే కడీలు దగ్గర చేయించండి. బీర, దొండ తీగలు పాకిస్తే పచ్చగా బాగుంటుంది, కానీ తేమ నిలిచి పూత తొందరగా పోతుంది. ఆ కూరగాయల రుచికి అది చెల్లించదగ్గ ధరే అని మా ఇంట్లో తీర్పు.

వ్యాపారస్తులు చేసే పొరపాటు ఇంకొకటి, సరుకును కంచెకు ఆనించి పోయడం. ఇసుక, కంకర, బొగ్గు ఏదైనా సరే, కుప్ప బరువు జాలీని బయటికి ఉబ్బిస్తుంది, తడి బొగ్గు దాన్ని తినేస్తుంది. మూడడుగులు వదలండి. గేటు పక్కన రెండు సిమెంటు దిమ్మెలు పాతితే వెనక్కి వచ్చే లారీ ముందు వాటిని తాకుతుంది, మీ గేటు కడీని కాదు.

పొలం ఉన్నవాళ్లకు ఒక మాట మాత్రం మెత్తగా చెప్పలేను. అడవిపందుల కోసం కంచెకు కరెంటు కలపడం. కవ్వాల్ పులుల అభయారణ్యం మన గడప దాకా ఉంది, పందులు వస్తాయి, మక్కచేను పోతుంది, ఆ కడుపుమంట నిజమే. కానీ లైను నుంచి తెచ్చిన కరెంటు పందిని, పక్క చేను రైతును, నీళ్లు కట్టడానికి పోయిన మన పిల్లవాణ్ని ఒకే తీరుగా చంపుతుంది. సోలార్ కంచె వేరు. దాని యంత్రం సెకనుకు ఒకసారి లిప్తపాటు దెబ్బ మాత్రం ఇస్తుంది, మనిషి చెయ్యి వెనక్కి తీసుకునే వ్యవధి ఉంటుంది. దాన్ని కూడా జాలీకి కట్టకూడదు, విడిగా ఇన్సులేటర్ల మీద నడపాలి.

ఇక హద్దు. సింగరేణి భూముల్లో ఇళ్లు కట్టుకున్న చాలామందికి జీవో 76 కింద పట్టాలు వచ్చాయి. కాగితం మీది కొలతకూ నేల మీది కొలతకూ అడుగు రెండడుగులు తేడా వస్తే కంచె కట్టాక తగాదా, కట్టకముందు మాటామంతీ. సర్వేయరును పిలిచిన రోజే పక్కింటి వాళ్లను కూడా పిలవండి. "బావా, జర వచ్చి నిలబడు, తాడు పట్టు" అంటే తాడు పట్టుకున్న మనిషి రేపు ఆ గీత తప్పని అనడం కష్టం. ఒప్పుకుంటే ఖర్చు సగం సగం పంచుకోండి.

బిల్లు మీద "ఫెన్సింగ్ మెటీరియల్" అని ఒక్క ముక్క రాసి ఇస్తే తీసుకోకండి. తీగ మందం మిల్లీమీటర్లలో, కన్ను, ఎత్తు, చుట్టకు తూకం, జింకు ఎన్ని గ్రాములు, కడీల సంఖ్య, లోతు, కట్టుతీగ జింకుదేనని, అన్నీ రాయించండి. మేస్త్రీకి ఆఖరి విడత పైకం మొదటి పెద్ద వాన పడి వెలిసిన తర్వాత ఇస్తామని ముందే మాట్లాడుకోండి. వాన వెలిసిన మర్నాడు ఆయన్ను వెంటబెట్టుకుని మూల కడీలు నాలుగింటినీ భుజంతో నెట్టి చూడండి. కదలకపోతే అక్కడే నిలబడి డబ్బులు లెక్కపెట్టి ఇవ్వండి, కదిలిన కడీ ఉంటే గడ్డపార తెప్పించండి.